పడవ అడుగున కలిసే రసాయనాలు: వేట విరామంలో బోటు కడగడం వెనక లెక్కలు

క్లుప్తంగా: బ్లీచింగ్, యాసిడ్, థిన్నరు, సబ్బునీళ్లు బోటు మీద ఎక్కడ వాడినా చివరికి చేరేది అడుగు గుంటకే. వాటి ఆవిర్లు కూడా గాలి కంటే బరువైనవి కాబట్టి అక్కడికే దిగుతాయి. అందువల్ల ఏ ద్రావకం ఎంత ఘాటైనదన్న దాని కంటే ముందు చూడాల్సినవి మూడు: అది దేనితో కలుస్తుంది, ఏ వస్తువు మీద పడుతుంది, అక్కడ గాలి ఆడుతుందా. చేపల గదికి 200 లీటర్ల నీటిలో సుమారు 130 గ్రాముల కొత్త బ్లీచింగ్ పౌడరు సరిపోతుంది. అంతకు మించి వేస్తే శుభ్రత పెరగదు, తుప్పు పెరుగుతుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆగుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో బోట్లు ఒడ్డెక్కేదీ, ఇంజన్లు విప్పేదీ, చేపల గదులు తోమేదీ, కొత్త రంగులు పడేదీ ఎక్కువగా ఈ రోజుల్లోనే. మిగతా ఏడాదంతా ఒక్కొక్కటిగా వాడే డబ్బాలన్నీ ఈ కాలంలో ఒకే బోటు మీద, ఒకే వారంలో మూతలు తెరుచుకుంటాయి. దానికి తోడు మే నెల ఎండ. బోటు శుభ్రతలో జరిగే పొరపాట్లలో చాలావరకు ఈ రెండూ కలిసిన చోటే మొదలవుతాయి.

అన్నీ కిందికే

ఇంట్లో బాత్రూము కడిగితే నీళ్లు తూములోంచి వెళ్లిపోతాయి, వాసన కిటికీలోంచి పోతుంది. బోటుకు తూము పెడితే మునిగిపోతుంది. డెక్కు మీద పోసిన నీళ్లలో కొన్ని పక్క రంధ్రాల గుండా సముద్రంలో పడినా, పలకల సందుల్లోంచి, చేపల గదిలోంచి, ఇంజను గదిలోంచి కారినవన్నీ అడుగు గుంటకు, అంటే బిల్జిలోకి చేరతాయి. పంపు వేసి తోడేదాకా అవి అక్కడే ఉంటాయి.

ఆవిర్లదీ అదే దారి. గాలి బరువును 1 అనుకుంటే క్లోరిన్ వాయువు దాదాపు 2.5, అసిటోన్ ఆవిరి 2, రంగుల థిన్నర్లలో ఉండే టోలుయీన్ ఆవిరి 3కి పైగా, పెట్రోలు ఆవిరి 3 నుంచి 4. చేపలు కుళ్లినప్పుడు పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా గాలి కంటే కొంచెం బరువే. డెక్కు మీద నిలబడి పనిచేసే మనిషికి ముక్కుకు ఏమీ తగలకపోవచ్చు. అదే సమయంలో మోకాళ్ల మీద వంగి అడుగు తోమే కలాసీ ముఖం సరిగ్గా ఆ ఆవిరి నిలిచిన ఎత్తులో ఉంటుంది.

ఉదయం ఒకరు పక్కలకు పట్టిన గుల్లలు వదిలించడానికి యాసిడ్ వాడతారు. సాయంత్రం మరొకరు చేపల గదిలో బ్లీచింగ్ నీళ్లు చల్లుతారు. ఎవరూ రెండూ కలపలేదు. బిల్జి కలిపింది.

కలవకూడనివి ఏవి, ఎందుకు

బ్లీచింగ్ పౌడరులోనూ, సీసాల్లో వచ్చే ద్రవ బ్లీచులోనూ పనిచేసేది హైపోక్లోరైట్. అది క్షార నీటిలో ఉన్నంతసేపు నిలకడగా ఉంటుంది. యాసిడ్ తగిలి నీరు ఆమ్లంగా మారగానే క్లోరిన్ వాయువై బయటికి వస్తుంది. మరుగుదొడ్ల యాసిడ్, తుప్పు వదిలించే ద్రావకం, ఆక్సాలిక్ పొడి, చివరికి వంటింటి వెనిగర్ కూడా ఈ పని చేస్తుంది. వెనిగర్‌ను 'సహజం' అని నమ్మి బ్లీచులో కలపడం ఈమధ్య చిట్కాల పేరుతో వ్యాపిస్తున్న పొరపాటు.

రెండోది అమ్మోనియా. అద్దాలు తుడిచే కొన్ని ద్రావకాల్లో ఇది ఉంటుంది. కానీ చేపల బోటులో అమ్మోనియా కోసం సీసా దాకా పోనక్కర్లేదు. కుళ్లిన జిగురులో, చేపల నీళ్లలో అమ్మోనియా, దాని బంధువులైన అమైన్లు దండిగా ఉంటాయి. కడగని గదిలో నేరుగా బ్లీచింగ్ చల్లితే క్లోరమైన్లు అనే ఘాటైన విషపు ఆవిర్లు పుడతాయి. కళ్లు మండించే ఆ ఘాటును చాలామంది 'మందు బాగా పనిచేస్తోంది' అనుకుంటారు. నిజానికి అది మురికి మిగిలి ఉందనడానికి గుర్తు.

మూడోది నూనె. బ్లీచింగ్ పౌడరు ఆక్సిజన్ అందించే రకం పదార్థం. డీజిలు, గ్రీజు, బ్రేకు నూనె వంటివి దానిలో కలిస్తే వేడి పుట్టి అంటుకునే ప్రమాదముంది. 65 శాతం పైగా క్లోరిన్ ఉండే ఈతకొలనుల రకం పొడికి ఈ గుణం మరీ ఎక్కువ. కాబట్టి బ్లీచింగ్ సంచి ఇంజను గదిలో ఉండకూడదు. నూనె అంటిన గరిటెతోనో, పాత గ్రీజు డబ్బాతోనో దాన్ని తీయకూడదు.

నాలుగోది బ్యాటరీ. ఉప్పునీళ్లు బ్యాటరీలోకి దిగినా క్లోరిన్ పుడుతుంది. గొట్టంతో ఇంజను గది కడిగే ముందు బ్యాటరీ బయటికి తీయాలి. అది కుదరకపోతే మూతలు బిగించి ప్లాస్టిక్ పట్టా కప్పాలి. బ్యాటరీ యాసిడ్ ఒలికిన చోట ముందుగా తినే సోడా నీళ్లు పోసి, పొంగు ఆగేదాకా ఉంచి, తర్వాతే కడగాలి.

ఒకే రోజు యాసిడ్ పనీ బ్లీచింగ్ పనీ పెట్టుకోకపోవడం మంచిది. తప్పనిసరైతే మధ్యలో బిల్జి తోడి, మంచినీళ్లు పోసి, మళ్లీ తోడాలి.

చేపల గది: వరుస తప్పితే మందు వృథా

క్లోరిన్‌కు సూక్ష్మజీవి, చేప పొలుసు అన్న తేడా తెలియదు. ఎదురైన సేంద్రియ పదార్థం మీదల్లా ఖర్చయిపోతుంది. రక్తం, జిగురు మిగిలి ఉన్న గదిలో ఎంత చల్లినా అది వాటి మీదే అయిపోతుంది. అందుకే వరుస ముఖ్యం.

మొదట మిగిలిన ఐసు, చేప ముక్కలు ఎత్తేసి చల్లటి నీళ్లతో కడగాలి. వేడినీళ్లు ముందు పోయకూడదు. రక్తంలోని మాంసకృత్తులు గుడ్డు ఉడికినట్టు గట్టిపడి గోడకు అతుక్కుంటాయి. ఆ తర్వాత డిటర్జెంటు, లీటరుకు 5 నుంచి 10 గ్రాములు. నైలాను బ్రష్షుతో మూలలు, పలకల అతుకులు, నీళ్లు దిగే కన్నం తోమి, పది నిమిషాలు నాననిచ్చి కడగాలి. ఈ కడుగుడు తేలిగ్గా తీసుకోరాదు. డిటర్జెంటు క్షారం మిగిలితే క్లోరిన్ బలం తగ్గుతుంది. నీటి క్షార గుణం పెరిగేకొద్దీ సూక్ష్మజీవులను చంపే హైపోక్లోరస్ ఆమ్లం వాటా పడిపోతుంది.

ఇప్పుడు బ్లీచింగ్. కడిగిన గోడలకు 100 నుంచి 200 పీపీఎం క్లోరిన్ చాలు. అంటే లీటరు నీటిలో 100 నుంచి 200 మిల్లీగ్రాములు. మార్కెట్లో దొరికే మామూలు బ్లీచింగ్ పౌడరులో కొత్తగా ఉన్నప్పుడు 30 శాతం పైగా క్లోరిన్ ఉంటుంది. ఆ లెక్కన 200 పీపీఎం కావాలంటే 10 లీటర్ల బకెట్టుకు దాదాపు 7 గ్రాములు, 200 లీటర్ల డ్రమ్ముకు 130 గ్రాముల పైచిలుకు. ద్రవ బ్లీచు అయితే, 4 నుంచి 5 శాతం రకం, బకెట్టుకు 40 నుంచి 50 మిల్లీలీటర్లు. పిడికెళ్ల లెక్కన వేసే అలవాటుతో పోలిస్తే ఇది చాలా తక్కువగా కనిపిస్తుంది, అంతే.

పిడికిలి లెక్కకు కారణం లేకపోలేదు. తెరిచిన సంచి వేడికీ తేమకూ రోజురోజుకూ బలం కోల్పోతుంది. పోయిన ఏడాది మిగిలిన పొడి 20 శాతానికి పడి ఉంటే అదే డ్రమ్ముకు 200 గ్రాములు కావాలి. ఎంత పడిపోయిందో కంటికి తెలియదు గనక కొలత పోయి చేతివాటం వచ్చింది. క్లోరిన్ పరీక్ష పట్టీలు వాడితే ఈ గుడ్డి లెక్క తప్పుతుంది. అవి లేకపోతే చిన్న ప్యాకెట్లు కొని, తెరిచిన నెల డబ్బా మీద రాసుకోవడం ఉత్తమం.

పొడిని నేరుగా గదిలో చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్టులో ముందు నీళ్లు పోసి, పొడి వేసి, కర్రతో కలిపి, అరగంట తేరనిచ్చి పైతేటనే వాడాలి. అడుగున దిగేది సున్నం. అది గోడ మీద గీతలు పెడుతుంది, కన్నాలు మూస్తుంది. పైతేట 10 నుంచి 15 నిమిషాలు గోడల మీద ఉన్నాక మంచినీళ్లతో కడిగి, గది మూత తెరిచి ఆరబెట్టాలి. రాత్రంతా ఉంచితే ఇంకా మంచిదన్న నమ్మకం తప్పు. స్టెయిన్‌లెస్ స్టీలు కూడా హైపోక్లోరైట్ కింద చిల్లులుగా తుప్పు పడుతుంది, అల్యూమినియం మరీ త్వరగా పాడవుతుంది. చెక్క పలకల్లో గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్‌ను కూడా క్లోరిన్ తినేస్తుంది. తెల్లబడి పీచు లేచిన పలక శుభ్రమైనట్టు కనిపిస్తుంది కానీ ఆ పీచులోనే మరుసటి వేట జిగురు నిల్వ ఉంటుంది.

ఇంతా చేసి చివర్లో రేవు నీళ్లతో కడిగితే చేసిందంతా పోయినట్టే. జెట్టీ దగ్గరి నీటిలో డీజిలు, చేపల వ్యర్థాలు, ఊరి మురుగు కలిసి ఉంటాయి. చేపలు ఉండే గదికి మంచినీళ్లో, తీరానికి దూరంగా తోడిన శుభ్రమైన సముద్రపు నీళ్లో వాడాలి. ట్యూనా, కానాగంతల వంటి చేపల్లో ఈ తేడా కేవలం వాసన సమస్య కాదు. వాటి మాంసంలోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని కొన్ని బ్యాక్టీరియాలు హిస్టమిన్‌గా, అంటే తిన్నవారికి జబ్బు తెచ్చే పదార్థంగా మారుస్తాయి. ఒకసారి పుట్టిన హిస్టమిన్ వండినా, గడ్డకట్టించినా పోదు. ఎగుమతి సరుకు తిరస్కరణకు గురయ్యే కారణాల్లో అదొకటి.

ఇంజను గదిలో ఎండ కూడా ఒక రసాయనమే

కిరోసిన్‌తోనో డీజిలుతోనో ఇంజను కడగడం పాత అలవాటు. చవక, జిడ్డు బాగా వదులుతుంది. లోపం ఉష్ణోగ్రతలో ఉంది. ఒక ద్రవం నిప్పు రవ్వ తగిలితే చాలు అంటుకునేంత ఆవిరిని ఇచ్చే కనిష్ఠ వేడిని ఫ్లాష్ పాయింట్ అంటారు. పెట్రోలుకు అది సుమారు మైనస్ 40 డిగ్రీలు, అసిటోన్‌కు మైనస్ 20 దగ్గర, టోలుయీన్‌కు 4 డిగ్రీలు. ఇవి ప్రమాదకరమని అందరికీ తెలుసు. కిరోసిన్, డీజిలు అంత ప్రమాదం కాదన్నది సాధారణ అభిప్రాయం. అయితే మన దేశంలో బంకుల్లో అమ్మే డీజిలుకు ప్రమాణం నిర్దేశించిన కనీస ఫ్లాష్ పాయింట్ 35 డిగ్రీలే, కిరోసిన్‌కూ అంతే. పెద్ద ఓడల ఇంధనానికి అంతర్జాతీయ నియమం 60 డిగ్రీలు కోరుతుంది. మే నెల మధ్యాహ్నం మూసి ఉన్న ఇంజను గది 35 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. చలికాలంలో ప్రమాదం లేకుండా సాగిన పని అదే బోటులో, అదే డబ్బాతో వేసవిలో వేరే పని అవుతుంది.

నీటి ఆధారిత డీగ్రీజరు, అంటే జిడ్డు వదిలించే ద్రావకం, ఇక్కడ మెరుగు. ఇంజను చల్లారాక పూసి, పది నిమిషాలాగి, బ్రష్షుతో రుద్ది, గుడ్డతోనో నూనె పీల్చే మెత్తతోనో తుడిచెయ్యాలి. కాస్టిక్ ఉన్న డీగ్రీజరును అల్యూమినియం భాగాలకు తగలనివ్వకూడదు. ఔట్‌బోర్డు ఇంజను కాలు, కొన్ని గేరుబాక్సుల కవచాలు అల్యూమినియంవే. కాస్టిక్ సోడా ఆ లోహాన్ని కరిగిస్తూ హైడ్రోజన్ వాయువును వదులుతుంది. మూసిన గదిలో అది పేలుడు వాయువు. కాస్టిక్ ఉందో లేదో లేబులు మీద 'సోడియం హైడ్రాక్సైడ్' అన్న పేరుతో తెలుస్తుంది.

తుడిచిన గుడ్డల సంగతి. డీజిలు గుడ్డకు బయటి నుంచి నిప్పు తగలాలి. అవిసె నూనెతో, అది కలిసిన వార్నీషుతో తడిసిన గుడ్డ కుప్పగా పడేస్తే తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. అలాంటివి విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లున్న ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టాలి. రేవులో బోట్లు పక్కపక్కనే కట్టి ఉంటాయన్నది గుర్తుంచుకోవాలి. 2023 నవంబర్ 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్ అగ్నిప్రమాదంలో 30కి పైగా బోట్లు కాలాయి. ఆ మంటకు కారణం వేరు. కానీ చెక్క, ఫైబరు, డీజిలు, గ్యాస్ సిలిండర్లు ఉన్న బోట్ల మధ్య నిప్పు ఎంత వేగంగా పాకుతుందో అది చూపింది.

ఫైబరు, చెక్క, ఇనుము: ఒక్కో ఒంటికి ఒక్కో మందు

ఫైబరు బోటు మెరుపంతా పైనున్న జెల్‌కోట్ పొరదే. దాని మందం సుమారు అర మిల్లీమీటరు. గిన్నెలు తోమే పొడితో, ఇనుప పీచుతో రుద్దితే మొదటిసారి తెల్లగా వస్తుంది. ఆ గీతల్లో మురికి ఇంకా గట్టిగా పడుతుంది, మరోసారి ఇంకా గట్టిగా రుద్దాల్సి వస్తుంది. నాలుగైదేళ్లలో పొర అరిగి కింది గాజుపీచు బయటపడుతుంది. మామూలు మురికికి తేలిక డిటర్జెంటు, మెత్తటి బ్రష్షు చాలు. నీటి గీత దగ్గర పట్టే గోధుమరంగు మరకకు, తుప్పు చారలకు ఆక్సాలిక్ యాసిడ్ పనికొస్తుంది. లీటరు మంచినీళ్లలో 50 గ్రాములు కలిపి, పూసి, 10 నిమిషాల్లో కడిగెయ్యాలి. సముద్రపు నీళ్లలో కలపకూడదు. అందులోని కాల్షియంతో కలిసి తెల్లటి మడ్డిగా దిగిపోతుంది, మరక అలాగే ఉంటుంది. ఈ పొడి విషం. చక్కెరలా కనిపిస్తుంది గనక తిండి సామాను దగ్గర ఉంచకూడదు.

సబ్బుకీ ఇలాంటి చిక్కే. సముద్రపు నీటిలో లీటరుకు 400 మిల్లీగ్రాముల కాల్షియం, దాదాపు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. బట్టల సబ్బు వాటితో కలిసి పెరుగులా విరిగిపోతుంది, నురుగు రాదు. డిటర్జెంట్లు కొంతవరకు తట్టుకుంటాయి. గోదావరిలో తిరిగే పాపికొండల లాంచీలకు ఈ ఇబ్బంది లేదు. కానీ కడిగిన నీళ్లు చేరేది తాగునీటి నదిలోకి కాబట్టి అక్కడ పరిమితి ఇంకా గట్టిగా ఉండాలి.

అడుగున పట్టిన గుల్లలకు హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడేవారున్నారు. సున్నపు గుల్ల కరుగుతుంది, నిజమే. దాంతోపాటు జింకు పూత, తుప్పు ఆపడానికి బిగించే జింకు దిమ్మెలు కూడా కరుగుతాయి, స్టీలుకు చిల్లులు పడతాయి. బోటు ఒడ్డెక్కిన రోజునే, తడి ఆరకముందే ప్లాస్టిక్ లేదా చెక్క గరిటెతో గీరితే చాలావరకు వచ్చేస్తాయి. రెండు రోజులు ఎండాక అవి సిమెంటు. యాసిడ్ తప్పకపోతే నీళ్లలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు.

చెక్క డెక్కును పీచు వాటానికి అడ్డంగా, మెత్తటి బ్రష్షుతో తోమాలి. వాటం వెంబడి గట్టిగా తోమితే పలకలోని మెత్తటి భాగం గాడిలా లేచిపోతుంది. ప్లాస్టిక్ కిటికీ అద్దాలకు అమ్మోనియా, థిన్నరు, అసిటోన్ మూడూ పనికిరావు. సాలెగూడులా పగుళ్లు వస్తాయి.

'బయో' అన్న ముద్ర ఎంతవరకు నిజం

సీసా మీద 'బయోడిగ్రేడబుల్' అని ఉంటే నీళ్లలో పడగానే మాయమవుతుందని అర్థం కాదు. సాధారణంగా అనుసరించే పరీక్షలో 28 రోజుల్లో 60 శాతం విచ్ఛిన్నమైతే ఆ పేరు దక్కుతుంది. ఆలోగా డిటర్జెంటు తన పని చేస్తూనే ఉంటుంది. జిడ్డును విడదీసే గుణమే చేప మొప్పల మీది పల్చటి పొరనూ దెబ్బతీస్తుంది. సాధారణ డిటర్జెంటు రసాయనాలు లీటరుకు కొన్ని మిల్లీగ్రాముల మోతాదులోనే చేపలను చంపగలవు. రొయ్య పిల్లలు, చేప గుడ్లు ఉండే మడ అడవుల కాలువల్లో బోటు కడగడం వల్ల నష్టపోయేది మరుసటి వేటే.

బిల్జిలో నూనె తేలుతోందని డిటర్జెంటు పోసి తోడేయడం ఇంకో అలవాటు. నూనె మెరుపు కనబడదు, కాబట్టి శుభ్రమైందనిపిస్తుంది. జరిగింది నూనె సన్నటి బొట్లుగా చీలి నీళ్లంతా వ్యాపించడం. ఇక పీల్చే మెత్తలకు అది అందదు, వేరుచేసే యంత్రాలకూ దొరకదు. ఓడల వల్ల సముద్రం కలుషితం కాకుండా చూసే అంతర్జాతీయ మార్పోల్ ఒప్పందం ప్రకారం సముద్రంలోకి వదిలే బిల్జి నీటిలో నూనె 15 పీపీఎం మించకూడదు. అదే ఒప్పందంలో 2013 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ, సరుకు గదులు, డెక్కు కడిగిన నీటిలోని శుభ్రపరిచే పదార్థాలు సముద్రానికి హాని చేయనివైతేనే వదలడానికి ఒప్పుకుంటుంది. సులువైన దారి ఇది: ముందు మెత్తలతో నూనె పీల్చి డబ్బాలో వేసి ఒడ్డుకు చేర్చడం, ఆ తర్వాతే సబ్బు.

అడుగు రంగు గీరేటప్పుడు రాలే పొడి కూడా మురికి కాదు, మందు. గుల్లలు పట్టకుండా ఒకప్పుడు కలిపిన ట్రైబ్యూటైల్ టిన్ అనే విషం ఉన్న రంగులపై అంతర్జాతీయ నిషేధం 2008 సెప్టెంబర్ 17 నుంచి అమల్లో ఉంది. ఇప్పటి రంగుల్లో ఎక్కువగా రాగి సమ్మేళనాలు ఉంటాయి, గుల్లలను చంపేది అవే. పొడిగా గీరితే ఊపిరితిత్తుల్లోకి, గొట్టంతో కడిగితే నీళ్లలోకి. కింద టార్పాలిన్ పరిచి తడిపి గీరి, రాలినదంతా మూటగట్టాలి.

దిగే ముందు, దిగాక

కుళ్లిన చేప, మురిగిన ఐసు నీళ్లు ఉన్న గదిలో మందేమీ చల్లకపోయినా ప్రమాదం ఉంది. కుళ్లు ఆక్సిజన్‌ను తినేస్తుంది, హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతుంది. కోడిగుడ్డు కుళ్లిన వాసన మొదట వచ్చి తర్వాత ఆగిపోతే గాలి బాగుపడిందని కాదు. గాలిలో 100 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 100 పాళ్లు ఉన్నప్పుడు ఆ వాయువు వాసన పసిగట్టే శక్తినే మొద్దుబారుస్తుంది. మూతలు తీసి, గొట్టమున్న ఫ్యానుతో అడుగు దాకా గాలి కొట్టి, పైన ఒక మనిషిని కాపలా ఉంచి, నడుముకు తాడు కట్టుకునే దిగాలి. లోపల మనిషి కూలితే వెంటనే దూకడం వల్లే రెండో మనిషి, మూడో మనిషి పోతారు. తాడు ఉండేది పైనుంచి లాగడానికే.

చేతులకు నైట్రైల్ తొడుగులు, కళ్లకు పక్కలు మూసే అద్దాలు. ముఖానికి కట్టుకున్న తుండుగుడ్డ దుమ్మును ఆపుతుంది, ఆవిరిని ఆపదు. థిన్నరు పనికి కార్బన్ డబ్బా ఉన్న మాస్కు కావాలి, గాలి ఆడని చోట అది కూడా చాలదు. మందులను మంచినీళ్ల సీసాల్లోకి, కూల్‌డ్రింక్ సీసాల్లోకి వంపుకోవడం మానాలి. కొనేటప్పుడు టోకు దుకాణాల్లో భద్రతా వివరాల పత్రం అడిగితే ఇస్తారు. అందులోని 16 భాగాల్లో పదోది చూస్తే ఆ మందు దేనితో కలవకూడదో ఉంటుంది.

కంట్లో పడితే మంచినీళ్లతో కనీసం 15 నిమిషాలు, రెప్పలు తెరిచి పట్టుకుని కడగాలి. కాస్టిక్ అయితే ఇంకా ఎక్కువసేపు. మింగితే వాంతి చేయించకూడదు. కిందికి దిగేటప్పుడు కాల్చిన గొంతును పైకి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. క్లోరిన్ పీల్చిన మనిషి గాలి తగిలి తేరుకున్నట్టు కనిపించినా, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం రావచ్చు. ఆ రాత్రి ఒంటరిగా బోటులో పడుకోనివ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, వాడిన డబ్బాలన్నీ వెంట పట్టుకెళ్లాలి. ఏవి కలిశాయో తెలిస్తేనే డాక్టరుకు ఏ వాయువో తెలుస్తుంది.